పదిహేడో ప్రశ్నకు జవాబు

అయ్యా,
ఉలాన్‌బాతర్ నుంచి మీరు పంపిన ఆడిట్ కాగితంలో
పదహారు ప్రశ్నలకు రసీదులున్నాయి, జతచేశాను.
పదిహేడోదానికి లేదు.
"నీలం రంగు డబ్బాలు నలభై.
గోడలకు వాడినవి పద్దెనిమిది.
మిగతా ఇరవై రెండూ ఏవి?"

నా పేరు దులమ్‌సురెన్.
అర్వైఖేర్ సాంకేతిక పాఠశాలలో
ఇరవై ఆరేళ్ళుగా స్టోరు తాళాలు నా నడుముకే ఉన్నాయి.
ఒక్క మేకు లెక్క తప్పినా
ఆ రాత్రి నాకు గుక్కెడు టీ దిగదు.

నాణ్యత పెంచడానికి నిధులొచ్చాయని
పోయిన శరత్తులో కబురు.
వెనకే లారీ, లారీలో చెక్కపెట్టె,
పెట్టెలో కంప్యూటరు లేతు.
పిల్లలు చుట్టూ మూగి
అప్పుడే పుట్టిన గుర్రప్పిల్లని చూసినట్టు
ముట్టుకోకుండా చూశారు.

దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి.
మా షెడ్డుకొచ్చేది ఒకటి.
కేబులు అడిగితే "అది వేరే పద్దు" అన్నారు.
ఒంటెనిచ్చి ముక్కుతాడు దగ్గర పేచీ!
రంగుకి మాత్రం పద్దు ఉంది,
నలభై డబ్బాలు, ఆకాశం రంగు.
మాకిక్కడ ఆకాశానికే కొదవైనట్టు.

చలి సున్నాకి కింద ముప్పైకి దిగింది.
కొత్త లేతుకి దుప్పటి కప్పాం.
తోమోర్‌ఖుయాగ్ మాస్టారు
పాత రష్యా లేతు మీదే పాఠం చెప్పాడు.
దాని కొలబద్ద మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి.
ఆయన చెవితో కొలుస్తాడు.
"ఇనుము ఏడుస్తోంది, ఉలి వెనక్కి తియ్యి" అంటాడు.
వచ్చే ఏడు ఆయన రిటైరవుతాడు.
ఆ చెవిని ఏ రిజిస్టరులో ఎక్కించుకోను?

ఇక ఆ పిల్ల, నోమూందారి.
గొర్రెల మంద దగ్గర పెరిగి హాస్టలుకొచ్చింది.
రోజూ సాయంత్రం తాళంచెవి అడిగేది.
దుప్పటి కిందకి దూరి, టార్చి పళ్ళతో పట్టుకుని
చచ్చిన యంత్రం మీటలు నొక్కుతూ కూర్చునేది.
"కరెంటొచ్చేలోపు
వేళ్ళకి దారి తెలియాలి కదక్కా."
ఒక రాత్రి వెళ్ళి చూస్తే
దాని ఊపిరే అద్దం మీద గడ్డకట్టింది,
గోటితో గీక్కుంటోంది,
అంకెలు కనబడాలని.

మర్నాడు నేను బాయిలరు హౌసుకి వెళ్ళాను.
అక్కడి మేస్త్రీ బ్యాంబజావ్ దగ్గర
మూతపడ్డ గనిది ఎనభై మీటర్ల కేబులుంది.
పై అధికారులొస్తున్నారు, గొట్టాలకు రంగు వేయాలి,
అతని దగ్గర రంగు లేదు.
ఇరవై రెండు డబ్బాలు ఇచ్చాను.
కేబులు తెచ్చాను.
కాగితం లేదు, సంతకం లేదు,
స్టోరులో అది మొదటిసారి.

అందుకే ఉత్తరపు గోడకి రంగు లేదు.
దాని మీద పిల్లలు
మరల కోణాలు సుద్దతో గీసుకుంటున్నారు.

తప్పని తెలుసు.
నా జీతంలో కోసుకోండి,
పన్నెండు వాయిదాలైతే మేలు.
మాస్టారికీ పిల్లకీ కేబులొచ్చిందనే తెలుసు,
ఎలా వచ్చిందో తెలియదు.

రసీదుకి బదులు
గుడ్డలో చుట్టి ఒక ఇనప పిన్ను పంపుతున్నాను.
కొత్త లేతు మీద నోమూందారి చేసింది.
మొదటి తొమ్మిదీ పాడయ్యాయి,
తుక్కు రిజిస్టరు నలభై ఒకటో పేజీలో ఉన్నాయి.
ఇది పదోది.

మీ ఫారంలో చివర
"నాణ్యత పెరిగిందా? అవును, కాదు" అని రెండు గళ్ళున్నాయి.
ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు.
పిన్ను ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి.
మీరే కొలవండి.
మీ ఆఫీసులో మైక్రోమీటరు లేకపోతే రాయండి,
మా స్టోరులో ఒకటుంది,
సంతకం పెట్టించుకుని
ఇస్తాను.